శీనా కారు ఎడమ డోరు

నిన్న మధ్యాహ్నం బంగారుపేట స్టేషన్‌లో ట్రైన్ దిగుతుంటే ఫోన్ మోగింది.

మా శీనా భార్య పద్మ.

"అన్నా, ఆయన ఇంగ లేడన్నా" అంది. ఆ తర్వాత అంతా ఏడుపే.

ఎలా నమ్మాలి? పొద్దున్నే కదా, వాట్సాప్‌లో ఎవరిదో కారు డోర్ ఫోటో పంపాడు. "చూడు మచ్చా, షీటు ఎట్ల అంటించినానో" అని కింద మెసేజ్ కూడా పెట్టాడు. మా వైపు దోస్తును మచ్చా అనే పిలుస్తాం.

షాపులో పని చేస్తూనే పక్కకు ఒరిగిపోయాడట. ముందు రోజు నుంచి ఛాతీలో నొప్పి. గ్యాస్ అనుకొని సోడా తాగాడట.

సోడా!

ఒరే, కారులో ఏ మూల ఏ క్లిప్పు గడగడలాడుతోందో కూర్చోగానే చెప్పేవాడివి కదరా. నీ గుండె చప్పుడు ఎందుకు వినలేదురా దరిద్రుడా?

వాడిని తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. శీనాది రాబర్ట్‌సన్‌పేటలో చిన్న కార్ ఆడియో షాపు. మేమిద్దరం కోరమండల్‌లో గని కార్మికుల లైన్ ఇళ్ళలో కలిసి పెరిగాం. నేను తర్వాత పక్కనున్న ఊరిగాంకు మారాను. వాడు అక్కడే ఉండిపోయాడు.

ఎవరైనా వచ్చి "పాటలో బాస్ దెబ్బ రావడం లేదన్నా, డిక్కీలో పెద్ద వూఫర్ పెట్టు" అంటే చాలు, వాడికి ఒళ్ళు మండేది.

"ముందు డోర్లు చూడప్పా! లోపలంతా బొక్కలు పెట్టుకొని బాస్ యాడ నిలుస్తాది? చిల్లు బిందెలో నీళ్ళు పోసినట్ల ఉండాది!"

డోర్ ప్యాడ్ విప్పేవాడు. రేకంతా థిన్నర్‌తో తుడిచి, స్పీకర్ వెనక రేకు అదరకుండా ఆపే తారు డ్యాంపింగ్ షీట్ అంటించి, రోలర్‌తో రుద్ది రుద్ది, పెద్ద బొక్కలన్నీ మూసేవాడు. కింద వాన నీళ్ళు కారిపోయే సందులు మాత్రం వదిలేవాడు. అయ్యాక అదే పాత స్పీకర్‌లో తప్పెట దెబ్బ పడితే ఛాతీకి వచ్చి తగిలేది. నా కారుకూ వాడే చేశాడు. డోర్ వేస్తే వచ్చే చప్పుడే మారిపోయింది.

వాడి సొంత కారు సంగతి మాత్రం వేరు. కుడి డోరు బండరాయిలా ఉంటుంది. ఎడమ డోరు రేకు డబ్బా. పాట పెడితే గడగడా వణుకుతుంది. కస్టమర్లు ఎగతాళి చేసేవాళ్ళు, "ఏమన్నా, ఊరందరి డోర్లూ మూసి నీది తెరిచి పెట్టుకున్నావే" అని. వాడు నవ్వి ఊరుకునేవాడు.

అసలు విషయం ఇది. వాళ్ళ నాయన నాగప్ప మామకు చెవులు లేవు. గనిలో డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకొని పట్టుకొని రెండూ పోయాయి. అయినా శీనా కారు తీస్తే చాలు, ముందు సీట్లో ఎడమ పక్క కూర్చొని డోరుకు అరచెయ్యి ఆనించేవాడు. ముసలాయన అలవాటు అనుకున్నాం.

ఒకసారి శీనా తన కారు డోర్లన్నీ మంచి షీట్లతో మూసి, ఎంతో మురిసిపోతూ మమ్మల్ని ఎక్కించుకొని కోలార్ రోడ్డులో బయల్దేరాడు. పాట అదిరిపోతోంది. ఉన్నట్టుండి మామ అరిచాడు.

"పాట యాలరా నిలిపేసినావు?"

శీనా మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. బండి పక్కకు ఆపేశాడు. ఆయన ఇన్నాళ్ళూ పాట విన్నది ఆ డోరు వణుకులోనే.

వెంటనే వెనక్కి తిప్పాడు. షాపుకు పోయి, ఎడమ డోరుకు అంటించినదంతా హీట్ గన్‌తో కాల్చి గీకాడు. ఆ తారు ఊరికే వస్తుందా? చేతులంతా నలుపు, గోళ్ళు చీలాయి. నేను తిట్టాను కూడా.

"కుడి డోరు నాకు మచ్చా. ఎడమ డోరు మా నాయనకు" అన్నాడు.

అలాంటి వాడిని తీసుకుపోయావు కదా స్వామీ. నీకు ఇంకెవరూ దొరకలేదా?

నిన్న పద్మ ఫోన్‌లో ఇంకో మాట అంది. "మామకు మీరే చెప్పండన్నా. నా చేత కాదు."

నేను కోరమండల్ చేరేసరికి శీనాను ఇంకా ఇంటికి తేలేదు, లైన్‌లో అందరూ బయటే ఉన్నారు. అన్నీ గుసగుసలే. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నారు. మామకు వినబడకూడదని! చెవులు లేని మనిషికి!

మామ ఇంట్లో ఒక్కడే కూర్చొని అనపకాయలు ఒలుస్తున్నాడు.

"శీనా రాత్రికి అన్నంలోకి పితికిపప్పు సారు కావాలన్నాడు. ఏమి నాయనా, నీ మొగం అట్లుండాది?"

ఆయనకు చదువు రాదు, రాసి చూపించడానికి. శీనా పెదాలు తప్ప ఇంకెవరి పెదాలూ సరిగ్గా అర్థం కావు. వాడు ఆయన గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకొని, ఒక్కో మాటా చెప్పేవాడు. నేనూ ఎదురుగా కూర్చొని అలాగే గడ్డం పట్టుకున్నాను. చెప్పాను.

"గబగబా చెప్తే నాకు యాడ తెలుస్తాది? నిదానంగా చెప్పు."

అయ్యో దేవుడా, ఆ మాట నిదానంగా ఎలా చెప్పేది?

నోరు బాగా తెరిచి చెప్పాను.

శీనా.

చచ్చి.

పోయినాడు.

ఆయన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నా నోటినే చూస్తున్నాడు.

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను.

"ఇంకోసారి."

ఆయనకు మొదట్లోనే తెలిసిపోయింది. నాకది కనబడుతూనే ఉంది. అయినా ఈసారి నా పెదాలు వేరేలా కదులుతాయేమోనని చూస్తూ అడుగుతూనే ఉన్నాడు. నేను చెప్తూనే ఉన్నాను.

ఈ పొద్దున శీనాను మట్టి చేశాం. ఇప్పుడు పద్మ మామ ముందు కూర్చొని ఏదో చెప్పబోతోంది. ఏడుపుకు దాని పెదాలు వణుకుతున్నాయి. ఆయనకు ఏమీ అందడం లేదు. ఇంక ఈ మనిషితో ఎవరు మాట్లాడాలి? నాకు దిక్కు తోచడం లేదు.

పోయి రా శీనా. నీ ప్రాణానికైనా నెమ్మది దొరకనీ.

మాకు మాత్రం దొరకదురా.