జానలతో కొలిచిన బజారు

మొన్న గురువారం పొద్దున దుకాణం షట్టర్ సగం ఎత్తానో లేదో, మేస్త్రీ చాచా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "బేటీ, డ్రాయింగ్ సారు పోయిండు. నిద్రల్నే పానం పోయిందట," అన్నాడు. ఎత్తిన షట్టర్‌ను అలాగే కిందికి లాగేశాను. పక్కన బట్టల దుకాణం, ఆ పక్కన గాజుల కొట్టు, ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. బంద్ పిలుపు ఇచ్చిన రోజు కూడా వెనక తలుపు తీసి బేరం చేసే మనుషులం మేము. వరంగల్‌లోని మా పాత బజారు ఎవరూ చెప్పకుండా మూతపడటం నేను చూడటం అదే మొదటిసారి.

సారు మాకు బడిలో డ్రాయింగ్ చెప్పేవారు. చెవి మీద పెన్సిలు, చంకలో గొడుగు. బజారుకు వస్తే ఏమీ కొనేవారు కాదు. రోడ్డుకు అవతలి పక్కన నిలబడి, తలెత్తి, మా ఇళ్ల పై అంతస్తులు చూస్తూ ఉండిపోయేవారు. రిక్షావాళ్లు ఆయన చుట్టూ తిప్పుకుని పోతూ గొణుక్కునేవాళ్లు. మాది ఇత్తడి సామాన్ల దుకాణం. ఒకరోజు మా బాపు ఉండబట్టలేక అడిగాడు. "ఏంది సారూ, మా ఇంటికి దిష్టి పెడ్తాన్రా?"

"కిందికి సూస్తే దుకాన్లే కనవడుతయ్ సేటూ. బజారు కనవడాల్నంటే మీదికి సూడాలె," అన్నారు సారు.

నిజమే. కింద అద్దాలు, రంగు బోర్డులు ఏటేటా మారేవి. పైన మాత్రం నిజాం కాలం నాటి టేకు స్తంభాలు, సున్నంతో తీర్చిన పూలు, చెక్క జాలీల బాల్కనీలు. పుట్టినప్పటి నుంచి వాటి కిందే తిరిగాం కానీ, వాటిని చూసిన పాపాన పోలేదు.

ఏడో తరగతిలో సారు మాకు తలా ఒక ఇల్లు పంచారు. నాకు మా ఇల్లే వచ్చింది. బొమ్మ వేస్తే సరిపోదు, కొలవాలి. స్కేలు తెస్తానంటే వద్దన్నారు. "చేతులున్నయ్ గదా, జానలతోని కొలువుండ్రి." చెయ్యందని చోట బాల్కనీ నుంచి తాడు వదిలి, ఆ తాడును జానలు పెట్టి కొలవాలి. అంతా అయ్యాక కాగితం మూలన వేళ్లు బాగా చాపి చేయి పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీయాలి. ఆ చేయి ఎందుకో మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. సంతకం రానివాళ్లతో వేలిముద్ర వేయించినట్టుందని నాకు మహా అవమానంగా అనిపించింది.

పైగా నేను ఒళ్లు వంచని రకం. మొదటి రెండు స్తంభాల మధ్య పదకొండు జానలు వస్తే, మిగతా సందులకూ పదకొండే రాసేశాను. సారు కాగితం చూసీ చూడగానే పట్టేశారు.

"మూడో సందు సన్నగుంటది. ఒక జాన తక్కువనే ఉంటది. మల్ల కొల్చుకరా పో."

"ఒక్క జానే గదా సార్!"

"ఒక్క జానే. నీ ముక్కు కూడ ఒక్కటే. కోసేద్దామా?"

క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ పోయి కొలిచాను. సరిగ్గా పదే వచ్చింది. ఆ కోపం నాకు చాలా ఏళ్లు తగ్గలేదు.

నాలుగేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేశారు. మా వరుస ఇళ్ల ముందుభాగాలన్నీ పోయాయి. సామాను సర్దుకునే హడావిడిలో కొలతలు తీసుకోవాలన్న ఆలోచన ఏ ఒక్కరికీ రాలేదు. తర్వాత అందరూ మెరిసే రేకులు, అద్దాలు బిగించడం మొదలుపెట్టారు. బాపు అప్పుడే గుండెజబ్బుతో దవాఖానలో ఉండి వచ్చాడు. ముఖం లేని ఇంటిని చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నా ఇల్లు నాకు గట్లనే గావాలె. నేను ఉండంగనే సూడాలె," అని పట్టుబట్టాడు.

పాత సున్నం పని తెలిసిన మేస్త్రీ చాచాను పిలిపించాను. "కడ్త బేటీ, ఫికర్ జెయ్యకు. గని కొలతలు ఏవి?" అన్నాడు. మా దగ్గర ఉన్నది ఒక్క పెళ్లి ఫోటో. అందులో బాల్కనీకి అడ్డంగా చుట్టాలందరూ నిలబడి ఉన్నారు.

అది ఎలా తెలిసిందో, మరునాడు సారు ఆటోలో ఒక ఇనుప పెట్టె వేసుకుని దిగారు. రిటైరై ఎన్నో ఏళ్లయింది. గొడుగు మాత్రం అదే. పెట్టె నిండా మా బడి పిల్లలు గీసిన బొమ్మలు. వెతికి వెతికి నాది తీసి గల్లా పెట్టె మీద పరిచారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"సారూ, ఇవి అడుగులు కావు గదా, నా చిన్నప్పటి జానలు. ఆ చెయ్యి ఇప్పుడు ఏడున్నది?"

సారు కాగితం మూలన వేలు పెట్టారు. "ఈడనే ఉన్నది గదా."

మేస్త్రీ చాచా ఆ చేతిని అట్ట మీద అచ్చు దింపి, కత్తిరించి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మా ఇంటి కొత్త ముఖాన్ని నా పన్నెండేళ్ల చేత్తో కొలుస్తూ కట్టాడు.

బాల్కనీ లేస్తుండగా నెక్కొండ నుంచి మా మేనత్త వచ్చింది, ట్రాలీ ఆటోలో ఒక చెక్క జాలీతో. ఇల్లు కూల్చిన రోజు పుట్టింటి గుర్తుగా పట్టుకుపోయిందట. మాకెవరికీ తెలియదు. మేస్త్రీ చాచా దాన్ని మొదటి సందులో పెట్టి చూశాడు. వదులు. రెండో దాంట్లోనూ వదులే. అవతలి పక్క నుంచి సారు గొడుగు ఎత్తి అరిచారు. "మూడో దాంట్ల పెట్టుండ్రి!"

పెట్టాడు. టక్కున కూర్చుంది. చిత్రిక పట్టే పనే పడలేదు. బజారంతా ఈలలు వేసింది. బాపు దుకాణంలోంచి పెద్ద ఇత్తడి బిందె తెచ్చి, బోర్లించి, గరిటెతో మోగించాడు. గెలిచాం అనిపించింది నాకు, ఎవరి మీదో చెప్పలేను కానీ గెలిచాం. సారు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నారు. "ఒక్క జానే గదా!"

ఆ సాయంత్రమే మొదలైంది. "సారూ, మాదున్నదా? మా తమ్ముడు గీసిండట సారూ!" అని మా వరుసంతా ఆ పెట్టె చుట్టూ చేరింది. ఏడాదిన్నరలో తొమ్మిది ఇళ్లకు పాత ముఖాలు తిరిగొచ్చాయి. అప్పటికే బిగించిన రేకులు ఇద్దరు విప్పి పడేశారు. ఇప్పుడు హన్మకొండ నుంచి కూడా కొత్త జంటలు ఫోటోలు దిగడానికి మా బజారుకు వస్తున్నారు. బాపు రోజూ సాయంత్రం ఆ బాల్కనీలో కూర్చుని చాయ్ తాగుతూ, వాళ్లకు ఎక్కడ నిలబడాలో చెబుతుంటాడు.

సారు ఇంటి నుంచి శ్మశానానికి వెనక రోడ్డు దగ్గర. బాపు ఒప్పుకోలేదు. "సారు మా బజార్ల కెల్లే పోవాలె," అన్నాడు. డప్పులతో తీసుకొచ్చాం. బాల్కనీల నుంచి బంతిపూలు కురిశాయి. పైనుంచి బాపు ఇత్తడి బిందె మోగిస్తూనే ఉన్నాడు. పాడె వెంట నడిచిన మేమందరం తలలు వంచుకుని, రోడ్డు చూసుకుంటూ నడిచాం. సారు ఒక్కరే ఆకాశం వైపు ముఖం పెట్టుకుని పోయారు. తొమ్మిది బాల్కనీలూ ఆయన ముఖం మీదుగా ఒక్కొక్కటే దాటాయి.