పార్టీ చీర కట్టుకుని వంటకెళ్ళిన రోజు

నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది.

నర్సీపట్నంలో బడి పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతాను. మా ఆయన పోయిన కాడి నుంచీ అదే నా బతుకు. నాతో వండే ఆవిడని వదినా అంటాను, చుట్టరికమేం లేదు. మాది ఒక పార్టీ, ఆవిడది ఎదుటి పార్టీ. పప్పు ఉడికేలోపు రోజూ ఒక తగువు అయిపోవాల్సిందే.

"మీ వోడు ఏటి సేసినాడే మనకి?" అనేది.

"మీ వోడు సేసిందేటో ముందు నువ్వు సెప్పు," అనేదాన్ని.

ఎలక్షన్లలో మా వాళ్ళు ఓడిపోయారు. ఆ తర్వాత ముసురు పట్టింది. చీరలు ఆరలేదు. మా పార్టీ మీటింగులో పంచిన చీర ఒక్కటే పొడిగా ఉంటే అదే కట్టుకుని పోయాను. నా బుద్ధి గడ్డి తింది. ఎవరో ఫోనులో ఫొటో తీశారు. మర్నాడు గెలిచిన పార్టీ కుర్ర నాయకుడొకడు వచ్చి, "రేపట్నుంచి నువ్వు రాకమ్మా, మా మనిషి వండుతాది" అన్నాడు. కాగితం లేదు, కారణం లేదు.

సాయంత్రం వదిన ఇంటికొచ్చింది. "ఏడుస్తా కూకుంటే పని తిరిగొస్తాదేటి? బేగి లెగు" అని ప్లీడరు గారి దగ్గరకి లాక్కుపోయింది.

"ఏ పార్టీని అభిమానిస్తావో అది నీ ఇష్టం తల్లీ," అన్నారాయన. "అందుకని పనిలోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పదు. నీ తప్పేదైనా ఉంటే నోటీసివ్వాలి, నీ మాట వినాలి. వంట సరిగ్గానే చేస్తావని చెప్పేవాళ్ళున్నారా?"

"నానున్నానండీ. ఎదుటి పార్టీదాన్నే. దీని నోరు మంచిది కాదు గానీ సెయ్యి మంచిది," అని వదిన ఆయన రాసిన కేసు కాగితం మీద వేలిముద్ర వేసేసింది.

వదిన పార్టీ వాళ్ళే ఆవిడ ఇంటి మీదకొచ్చి తిట్టారు. "నా మనవలు ఆ బడిలోనే తింటన్నారు, పోండెహె" అందట.

విచారణ తేలేదాకా నన్ను తియ్యకూడదని పెద్ద కోర్టు నుంచి ఆర్డరొచ్చింది. హెడ్మాస్టారు గారు చదివి, లోపలికెళ్ళమన్నారు. వదిన పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూసింది.

"వచ్చినావా తల్లీ! ఆ కొత్తామె మా పార్టీయే. నానేటన్నా 'అవునక్కా, అవునక్కా' అంటాది. ఇన్నాళ్ళూ పిచ్చెక్కిపోయిందే నాకు."