నీళ్ల ట్యాంకు నీడలో కొమ్మలు

మదీనాగూడలో మేముండే బిల్డింగు ఐదంతస్తులది. పైన డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఓనరు ఒక గది కట్టి కిరాయికి ఇచ్చాడు. రేకుల కప్పు, ఒక్క కిటికీ, బయట బాత్రూము. ఆ గదిలో నవనీత, ఆమె భర్త కుమార్ ఏళ్లుగా ఉంటున్నారు. నేనుండేది రెండో అంతస్తులో. బట్టలు ఆరేయడానికి పైకి వెళ్తూ వస్తూ నవనీతతో మాటలు కలిశాయి. ఇప్పుడు చెప్పబోయేది కొంత ఆమె చెప్పింది, కొంత నేను కళ్లారా చూసింది.

వాళ్లది జోగిపేట దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలోనే పట్నం వచ్చారు. మొదట్లో ఇద్దరూ కలిసి బిల్డింగు పనులకు పోయేవాళ్లు. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. అతను ఇటుకలు అందిస్తే ఆమె సిమెంటు మాలు తట్ట మోసేది. మధ్యాహ్నం ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్లు. పిల్లలు కాలేదు. దవాఖానలు తిరిగినన్ని రోజులు తిరిగి, ఒకనాడు ఇద్దరూ ఏమీ అనుకోకుండానే తిరగడం మానేశారు.

తర్వాత కుమార్‌కు నడుము పట్టేసింది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. ఎవరో తెలిసినవాళ్లు ఖాజాగూడ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ ఉద్యోగం చూపించారు, అది రాత్రి డ్యూటీ. నవనీత హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్‌కు చేరింది, అది పగటి డ్యూటీ. పొద్దున ఆమె షేరింగ్ ఆటో ఎక్కి పోయాక అతను వచ్చేవాడు. సాయంత్రం అతను బస్సెక్కి పోయాక ఆమె వచ్చేది. ఆమెకు ఆదివారం సెలవే కానీ, అక్కడ పగటి గార్డుకు కూడా ఆదివారమే సెలవు. అతని బదులు కుమారే నిలబడాలి. శనివారం సాయంత్రం పోయిన మనిషి, మధ్యలో గార్డుల గదిలో కాస్త నడుము వాల్చి, సోమవారం పొద్దున గానీ తిరిగి రాడు.

అట్లా ఒకే గదిలో కాపురం ఉంటూ ఇద్దరూ విడివిడిగా బతికారు. ఆమె వండి మూత పెట్టి పోతే అతను తినేవాడు. తిన్న గిన్నె కడిగి బోర్లించి పెడితే, సాయంత్రం ఆమె ఆ గిన్నె చూసి తిన్నాడని తెలుసుకునేది. మంచం మీద దుప్పటి అతను మడిచినట్టు ఒక తీరుగా ఉండేది, ఆమె మడిచినట్టు ఇంకో తీరుగా. సాయంత్రం దారిలో ఉన్నప్పుడు ఫోను చేసుకునేవాళ్లు. తిన్నవా అంటే తిన్న. బస్సు దొరికిందా అంటే దొరికింది. అంతకుమించి ఏం అడగాలో ఇద్దరికీ తోచేది కాదు. ఒకసారి కొత్తగూడ దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు, ఎదురు వైపు ఆగిన బస్సు కిటికీలో అతను కనిపించాడట. కళ్లు మూసుకుని అద్దానికి తల ఆనించి ఉన్నాడట. చెయ్యి ఊపుదామనుకునే లోపల బస్సు కదిలిపోయింది. ఆ రోజు ఫోనులో ఆ ముచ్చట ఎత్తలేదు ఆమె. చూశానని చెప్తే ఏమవుతుందో తెలియక ఊరుకున్నానని నాతో అన్నది.

రెండేళ్ల కిందటి వానాకాలంలో ఆఫీసు ముందున్న చెట్లన్నీ కత్తిరించారు. తోటపని చేసే పోచయ్య అనే పెద్దాయన, కోసిన కొమ్మలను కుప్ప చేసి చెత్త బండిలోకి ఎత్తుతున్నాడు. అందులో పూలతో ఉన్న నందివర్ధనం కొమ్మ ఒకటి నవనీత కంట పడింది. తీసుకోనా అని అడిగింది. ఇవి పారేసేటివే కదమ్మా, అడుగుడెందుకు అన్నాడాయన. అడక్కుండా దొంగతనంగా తెచ్చిన కొమ్మే మంచిగ అంటుకుంటుందని నవనీత వాళ్లమ్మ చెప్పేదట. ఆ మాట గుర్తొచ్చి నవ్వుకుంది. ఎట్లా నాటాలో పోచయ్యే చెప్పాడు. కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు దూసేసి, పైన రెండు ఆకులు ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాలి. నీడన పెట్టాలి. "తడి ఉండాలె, నీళ్లు నిలవొద్దు" అన్నాడు.

నవనీత పెరుగు డబ్బాల అడుగున మేకు కాల్చి చిల్లులు పెట్టింది. కొబ్బరి పీచు, ఇసుక, మట్టి కలిపి నింపింది. ట్యాంకు నీడ పడే చోట వరసగా పేర్చింది. నందివర్ధనం తర్వాత మందారం వచ్చింది, నూరువరహాలు వచ్చాయి, కాగితం పూల కొమ్మలొచ్చాయి. ఆదివారాలు ఆమె డాబా మీద ఆ డబ్బాల ముందే కూర్చునేది. బట్టలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు, ఇవన్నీ ఎందుకు పెంచుతున్నావు అని నేను ఒకసారి అడిగాను. ఆమె ఒక డబ్బాను నీడలోకి జరిపింది. అప్పుడు అన్నది.

"ఇంటికొచ్చేసరికి ఒకటన్న మారి కనబడాలె కదక్కా. పొద్దున పెట్టిన గిన్నె తప్పితే ఏం మారది మా ఇంట్ల."

కానీ కొమ్మలు బతకలేదు. పది రోజులు పచ్చగా ఉండి, చిగురు వేసినట్టే వేసి, ఉన్నట్టుండి తల వాల్చేసేవి. పీకి చూస్తే అడుగున నల్లగా మెత్తబడి, కుళ్లిన వాసన. పోచయ్యను అడిగితే నీళ్లు ఎక్కువైనయన్నాడు. ఆమె పోసేది పొద్దున ఒక్కసారే, అదీ చారెడు. ట్యాంకు కారుతుందేమోనని డబ్బాలు గోడ పక్కకు మార్చింది. ఇసుక పాలు పెంచింది. పసుపు అద్దింది. కలబంద గుజ్జు రాసింది. మళ్లీ కుళ్లాయి. నా చేతిలోనే ఏదో ఉందక్కా, నాకు ఏదీ నిలవదు అన్నదొకసారి. ఆ మాట కొమ్మల గురించే కాదని నాకు అర్థమైంది. నేను ఆరిన చీరలు మడత పెడుతూ ఉండిపోయాను.

ఇన్ని నెలల్లో కొమ్మల సంగతి ఆమె భర్తతో ఎత్తలేదు. అతనూ అడగలేదు. పగలంతా పడుకునే మనిషి, లేచాక డ్యూటీకి పోయే తొందర, ఆ డబ్బాల వైపు చూసి కూడా ఉండడనుకుంది.

ఒకరోజు ఆమెకు ఆఫీసులోనే జ్వరం వచ్చింది. సూపర్‌వైజరు మధ్యాహ్నం ఇంటికి పంపించేసింది. లిఫ్టులో ఐదో అంతస్తు దాకా వచ్చి, అక్కడి నుంచి మెట్లెక్కి, డాబా తలుపు దగ్గర ఆగిపోయింది.

కుమార్ ఆమెకు వీపు పెట్టి డబ్బాల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. బనీను, లుంగీ. పక్కన బకెట్టు. చాయ్ గ్లాసుతో నీళ్లు ముంచి, ఒక్కో కొమ్మ మొదట్లో నిదానంగా పోస్తున్నాడు. ఒక కొమ్మను రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగాడు. వేరు వచ్చిందా అని చూసి, మళ్లీ గుచ్చి, చుట్టూ మట్టి అదిమాడు.

ఆమె అక్కడే నిలబడింది. పగటి వెలుతురులో మొగుణ్ణి చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదట. నడి నెత్తి మీద జుట్టు పలచబడింది. మెడ వెనక చర్మం ముడతలు పడింది. ఎప్పుడు ముసలోడయిండు ఈయన, నేను చూడనే లేదు అనుకుందట. జ్వరానికో దేనికో కళ్లలో నీళ్లు తిరిగాయట.

"నువ్వు పోస్తున్నవా నీళ్లు?" అంది.

అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "పొద్దుగాల ఉరుకుతవు కదా, నీళ్లు పొయ్య మర్శిపోతున్నవనుకున్న. రోజు పోస్తున్న."

"నేను సుత రోజు పోస్తున్న."

ఇద్దరూ డబ్బాల వైపు చూశారు. మొదటి కొమ్మ పెట్టినప్పటి నుంచి అంతే జరిగింది. పొద్దున ఆమె పోసిన తడి ఆరకముందే అతను మళ్లీ తడిపేవాడు. అంతేకాదు, ఒక మందారం కొమ్మ కుళ్లిపోతే ఆమె బాధపడుతుందని, తను కాపలా ఉండే గేటు దగ్గరి చెట్టు నుంచి అట్లాంటిదే తెంపుకొచ్చి అదే డబ్బాలో గుచ్చాడట. అది తను పెట్టిన కొమ్మే అనుకుని ఆమె ఇంకొన్నాళ్లు ఆశగా చూసింది. ఆ కొమ్మ కూడా కుళ్లింది.

ఆ మధ్యాహ్నం అతనే గంజి కాచి ఇచ్చాడు. బస్సుకు ఆలస్యమైనా కాసేపు కూర్చున్నాడు. నీళ్లు ఇక ఆమే పోయాలని, అతను డబ్బాలు ముట్టొద్దని, వేర్లు చూడ్డానికి అసలే పీకొద్దని అనుకున్నారు.

నెల తిరిగేసరికి నందివర్ధనం వేరు పట్టింది. తర్వాత నూరువరహాలు. సాయంత్రం ఫోనుల్లో ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక ముచ్చట దొరికింది. మధ్యాహ్నం చూసిన చిగురు గురించి అతను చెప్పేవాడు. రేపు పెద్ద డబ్బాలోకి మార్చాలని ఆమె చెప్పేది. ఒక్కోసారి ఆటో దిగి మా గేటు దాకా నడుస్తూ కూడా ఫోను చెవి దగ్గరే ఉండేది. ఆ రోజుల్లో నవనీత నడకే వేరుగా ఉండేది.

ఆ ఊపులోనే కుమార్ పగటి డ్యూటీ అడిగాడు. అడిగినట్టు ఆమెకు ముందు చెప్పలేదు. పగటి గార్డు పని మానేసి ఊరికి పోతుండటంతో ఆ చోటు దొరికింది. వచ్చి చెప్పిన రోజు ఆమె మటన్ తెచ్చి వండింది. మా ఇంటికి కూడా ఒక గిన్నె పంపింది.

ఇక అంతా చక్కబడినట్టేనని నేననుకున్నాను. కొన్ని వారాల తర్వాత పైకి వెళ్తే, చీకటి పడే వేళ ఇద్దరూ ఇంటి దగ్గరే ఉన్నారు. అతను మంచం మీద ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. ఆమె బయట ట్యాంకు మెట్టు మీద కూర్చుని ఉంది. మాటల శబ్దం లేదు.

తర్వాత ఆమే చెప్పింది. అతనికి రాత్రి నిద్ర రావడం లేదు. అన్నేళ్లు మేలుకుని ఉన్న ఒళ్లు, చీకటి పడితే ఇంకా చురుగ్గా అవుతుంది. లైటు వేస్తే ఆమెకు నిద్ర పట్టదు, తీసేస్తే అతనికి ఊపిరాడనట్టుంటుంది. ఆమె వంట చేసే మూల పాటలు పెట్టుకుని పని చేసుకునేది, అతనుంటే పెట్టడం మానేసింది. కొమ్మల గురించి మాట్లాడుకుందామంటే ఇద్దరి కళ్ల ముందే ఉన్నాయి, చెప్పడానికేమీ మిగల్లేదు. తిన్నవా అని అడగాల్సిన పని లేదు, ఎదురుగానే తింటున్నాడు. ఒకరి కోసం ఒకరు ఎదురు చూసినన్నాళ్లు దగ్గరున్నట్టుండేదని, పక్కనే కూర్చున్నాక ఎవరో కొత్త మనిషి ఇంటికొచ్చినట్టుందని అన్నది.

దసరా ముందు ఒక పొద్దున, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ అతను చెప్పాడు.

"రాత్రి నిద్ర పడ్తలేదు నవనీతా. మల్ల నైటుకే పోత అన్న సారుతోని."

"అన్నవా, అంటవా?"

"అన్న."

ఆమె సరే అని టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. అతను తల వంచుకుని మెట్లు దిగాడు. మళ్లీ పైకి వచ్చి, నీ మీద కోపం లేదు అన్నాడట. నాకు తెలుసు అన్నదట ఆమె. కోపమైతే బాగుండేది అక్కా, అరుచుకుని ఊరుకునేటోళ్లం అని నాతో చెప్పింది.

తర్వాత కొన్నాళ్లు ఆమె డబ్బాల జోలికే పోలేదు. ముట్టొద్దన్న మాట కాబట్టి అతనూ పోయలేదు. నూరువరహాలు ఎండిపోయాయి, కాగితం పూలు ఆకులన్నీ రాల్చాయి. ఒక సాయంత్రం నేను బట్టలు తీస్తుంటే ఆమె వచ్చి, చేతిసంచి దించకుండానే, బకెట్టు నింపి వరసగా పోసుకుంటూ పోయింది. బతికినవి బతికాయి. వాటి కొమ్మలే కోసి మళ్లీ నాటింది. ఇప్పుడు మా బిల్డింగులో ప్రతి అంతస్తులోనూ ఆమె ఇచ్చిన మొక్క ఒకటి ఉంది. తీసుకున్నవాళ్లలో చాలామందికి ఆమె పేరు తెలియదు. పైన రూమామె ఇచ్చింది అంటారు.

ఈ సంవత్సరం నుంచి ఆమె నెలకొకసారి మామూలు రోజున సెలవు పెడుతోంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగనే ఉందన్నది. అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటుందట. చాయ్ పెట్టి ఇస్తుంది. అతను తిని పడుకుంటాడు. ఆమె గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని కొమ్మలు కోస్తూ, మట్టి కలుపుతూ ఉంటుంది. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, ఏం మాట్లాడుకోం అక్కా అన్నది.

మొన్న అట్లాంటి రోజునే పైకి వెళ్లాను. కిటికీకి దుప్పటి అడ్డం కట్టి ఉంది. లోపల అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఫ్యాను తిరుగుతోంది. నన్ను చూసి ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. నేను చప్పుడు కాకుండా బట్టలు ఆరేసి వచ్చేశాను.

సాయంత్రం బాల్కనీలో నిలబడితే కుమార్ గేటు దాటి పోవడం కనిపించింది. యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. రోడ్డు దాటి, బస్టాపులో జనం వెనక నిలబడ్డాడు. బస్సు వచ్చి పోయాక అతను అక్కడ లేడు. తల ఎత్తి చూస్తే పైన పిట్టగోడ మీద మట్టి అంటిన రెండు చేతులు కనిపించాయి. కాసేపటికి అవీ లోపలికి పోయాయి.