వెనుక గీసిన గుర్తు

కువైట్‌లో అక్టోబరు నెలలో ఒక ఉదయం వస్తుంది. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఏసీ ఆపేసి కిటికీ తెరవగలిగే ఉదయం. ఈ ఏడాది అది పోయిన మంగళవారం వచ్చింది. ఫింటాస్‌లో మా నర్సరీ వంటగదిలో ఓవెన్ తలుపు తీయగానే వెన్న, యాలకులు, ఖర్జూర పాకం కలిసిన వేడి వాసన ముఖాన కొట్టింది. ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కనుంచి ఖైరూన్ అక్క "మాడిపోతాండాది, చూడు" అని గదమాయించినట్టే అనిపించింది. ఆమె రాయచోటికి వెళ్లిపోయి ఐదేళ్లయినా ఆ గొంతంటే నాకు ఇంకా భయమే.

ఖైరూన్ అక్క అప్పట్లో మా నర్సరీలో వంట మనిషి. అంతకు ముందు మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పన్నెండేళ్లు వంట చేసింది. పొట్టి మనిషి, నల్ల స్కార్ఫు, ఎప్పుడూ మోచేతుల దాకా పిండి. నేనేమో విజయవాడ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ పట్టభద్రురాలిని. పెళ్లయి వచ్చాక అబూ హలీఫాలో నాలుగేళ్లు ఫ్లాటు గోడలు చూస్తూ కూర్చుని, చివరికి ఆ నర్సరీలో సహాయ టీచరుగా చేరాను. మూడు నెలలు చూస్తామన్నారు. నచ్చితే నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, వాళ్ల పేరు మీదికి మారుతుంది, లేకపోతే మళ్లీ ఆ గోడలే. గోడల దగ్గరికి మాత్రం తిరిగి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మూడో నెల చివర్లో 'ఆటమ్ వీక్' వచ్చింది. మాది ఇంగ్లండు సిలబస్ కాబట్టి అక్కడ ఆకులు రాలితే ఇక్కడ మేం పండుగ చేయాలి. ఎర్రటి ఆకుల బొమ్మలు చూపించి, ఇవి చెట్టు మీదే రంగు మారతాయని పిల్లలకు చెప్పాను. "జ్వరమొచ్చిందా?" అని అడిగాడొకడు. పుట్టి బుద్ధెరిగాక ఖర్జూర చెట్లు తప్ప చూడని పిల్లలకు నేనేం చెప్పను? నేను మాత్రం ఆకులు ఎర్రబడటం ఎక్కడ చూశాను గనుక?

బుధవారం పదకొండుమంది పిల్లల చేత ఆకుల బిస్కెట్లు చేయించి రంగులు వేయించాలి. గురువారం పదకొండింటికి తల్లిదండ్రులు వచ్చి చూస్తారు. ఆ కార్యక్రమం మొత్తం నాకు అప్పగించారు, పరీక్ష అన్నమాట. బిస్కెట్లు చేయడం నాకేం వచ్చు? ఖైరూన్ అక్కే దగ్గరుండి పిండి ఒత్తించింది. ఆమెకొక పద్ధతి ఉండేది. ఓవెన్‌లో పెట్టేముందు ప్రతి పిల్లా తన బిస్కెట్టును తిరగేసి, వెనుక పుల్లతో తన గుర్తు గీయాలి. పేరు రాయడం రాని వయసు కనుక ఒకడిది చుక్క, ఒకడిది నెలవంక, ఒకతిది రెండు గీతలు. బయటికి తీశాక ఎవరిది వాళ్ల చేతికే రావాలి.

"ఎందుకక్కా ఇంత తతంగం? అన్నీ ఒకేలా ఉన్నాయిగా" అన్నాను.

"నీకు ఒగే మాదిరి కనపడతాండాయి" అంది. పిండి పిసుకుతూనే చెప్పింది. "మిష్రిఫ్‌లో నేను చేసినేటివన్నీ మామా, ఆ ఇంటి యజమానురాలు, చేసినట్ల టేబుల్ మీదికి పోయేవి. పని అది, జీతం ఇచ్చినారు, నాకేం బాధ లేదు. కానీ పన్నెండేండ్లలో ఒక్కరు గూడా ఇది ఎవురు చేసినారని అడగలే. చేసినోళ్ల గుర్తు ఉండాల పాపా."

బాధ లేదంది కానీ, పిండి మీద పడుతున్న పిడికిళ్లు వేరే మాట చెప్పాయి. నేనప్పుడు అంతగా పట్టించుకోలేదు.

మా క్లాసులో ఆద్య అని హైదరాబాద్ వాళ్ల అమ్మాయి ఉండేది. ఏ బొమ్మ గీసినా చివర్లో చించి పారేసే పిల్ల. ఆ రోజు మాత్రం ఆకుకు నీలం రంగు పూసి, ఏడు చిల్లులు పొడిచి, వెనుక పిట్ట కాలులాంటి గుర్తు గీసి, "గిది మంచిగుంది" అంది. ఆ పిల్ల నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం పిల్లలు వెళ్లాక ప్రిన్సిపల్ మేడమ్ ట్రే వైపు చూసి, "రేపు చూపించేవి ఇవేనా?" అని అడిగి వెళ్లిపోయింది. అంతే, నేనూ ట్రే వైపు మళ్లీ చూశాను. వంకర ఆకులు, కారిన రంగులు, మధ్యలో ఆ నీలం. ఖైరూన్ అక్క అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. మిగిలిన పిండితో నేనే పదకొండు ఆకులు చేసి, కాల్చి, నారింజ రంగు, గోధుమ రంగు పూసి చక్కగా పేర్చాను. పిల్లలవి చెత్త సంచిలో వేసి కింద వీధి చెత్తకుండీలో పారేశాను. నాలుగేళ్ల పిల్లలకు ఏం గుర్తుంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

గురువారం ఉదయం పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఎవరూ రంగులు చూడలేదు. తలా ఒకటి తీసుకుని, ఖైరూన్ అక్క నేర్పినట్టే వెనక్కి తిప్పారు. పదకొండు బిస్కెట్లకీ వెనుక ఏమీ లేదు. ఆద్య ట్రేలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూసింది. "నాది ఏది టీచర్? గివి నావి కావు."

గుమ్మంలో ఖైరూన్ అక్క. నన్ను పక్కకు పిలిచింది.

"యాడికి పోయినాయి?"

"పారేశానక్కా."

తిడుతుందనుకున్నాను. ఆమె గడియారం చూసింది. "ఎనిమిదైతాంది. వాళ్లొచ్చేది పదకొండుకు. నేను పిండి తడుపుతా. నువ్వు పోయి పిల్లోళ్లకు చెప్పు."

"ఏమని చెప్పను?"

"జరిగిందే చెప్పు."

"మేడమ్‌కు తెలిస్తే నా ఉద్యోగం ఖలాస్ అక్కా."

"మేడమ్‌కు తర్వాత చెప్దువు. ఎవురివి పారేసినావో, ముందు వాళ్లకు చెప్పు. యల్లా, పో."

వెళ్లి నేల మీద కూర్చున్నాను. మీరు చేసినవి నేను పారేశాను, ఇవి నేను చేసినవి, తప్పు నాది అన్నాను. పెద్దవాళ్ల ముందు తప్పు ఒప్పుకోవాలంటే వంద సాకులు దొరుకుతాయి, పిల్లల ముందు ఒక్కటీ దొరకదు. ఒకడు ఏడ్చాడు. ఆద్య ఏడవలేదు. "మల్ల గట్లనే రాదు టీచర్" అని, లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

మూడు గంటలు మేం కూర్చోలేదు. పిండి ఫ్రిజ్‌లో చల్లబడేదాకా ఆగడానికి కూడా సమయం లేదు. పదకొండింటికి బిస్కెట్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, రంగులు జారుతూనే ఉన్నాయి. ఆద్య ఈసారి ఆకుపచ్చ పూసింది, చిల్లులు పొడవలేదు. అది కూడా బాగానే ఉంది కానీ, ఆ పిల్ల "మంచిగుంది" అనలేదు. నేను చేసినవి పారేయబోతే ఖైరూన్ అక్క చెయ్యి పట్టుకుంది. "అవి నువ్వు చేసినావు గదా, పక్కన పెట్టు." విడిగా ఒక పళ్లెంలో పెట్టి 'టీచర్ చేసినవి' అని రాశాను. మేడమ్ అది చదివింది, అడిగింది, నేను చెప్పాను. ఆదివారం పిలిచి ఇంకో నెల చూస్తామంది. ఆ నెల గడిచాక ఇఖామా మారింది.

తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు ఆ క్లాసు నాదే. ఏటా ఆకుల బిస్కెట్ల వెనుక గుర్తులు గీయించే ముందు, ఒక టీచరు పిల్లలవి పారేసిన కథ చెబుతాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. పోయిన మంగళవారం ఒక బాబు అడిగాడు, "ఆ టీచర్‌ని పంపించేశారా?"

"లేదు. ఆ టీచర్ని నేనే" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత తన బిస్కెట్టును రెండు చేతులతో తన వైపు లాక్కున్నాడు. మంచి పని చేశావని చెప్పి, నేను చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగాను.