గుర్తు కింద గీత

గంజి చొక్కా మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఒక వాసన లేస్తుంది. ఈ ఉదయం ఆ వాసన లేచిన వేళకే, పక్కన కూర్చుని రీజనింగ్ పేపరు చేస్తున్న మా అమ్మాయి "అయిపోయింది నాన్నా" అంది. చూశాను. జవాబు తప్పు. అక్షరాలకు గుర్తులిచ్చిన పట్టిక చూసింది గాని, దాని కింది షరతు చదవలేదు. నాకు పెంచలయ్యన్న గుర్తొచ్చాడు.

ఆయన కోవూరులో అరవై ఇళ్ల బట్టలు ఉతికేవాడు. చదువు రాదు. ఇంటికొక గుర్తు చొప్పున కాలరు లోపల, ఉతికినా చెరగని నల్లజీడి రసంతో పెట్టేవాడు. మాది రెండు చుక్కలు. నేను పదితో బడి మానేసి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఓడరేవులో గుమాస్తా ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాసి తప్పాను. వయసును బట్టి ఇక ఒక్క అవకాశమే మిగిలింది. లెక్కల్లో మార్కులు ఎప్పుడూ పోలేదు. అక్షరాలకు గుర్తులిచ్చే ప్రశ్నల్లోనే పోయేది. పదం అచ్చుతో మొదలైతే మొదటి గుర్తునూ చివరి గుర్తునూ తారుమారు చేయాలని పట్టిక కింద రాసి ఉంటుంది. నేను అంతదాకా ఆగేవాణ్ణి కాదు. వేగమే తెలివి అనుకునేవాణ్ణి.

మూడో పరీక్షకు వారం ముందు నా చొక్కా కోసం వెళితే పెంచలయ్యన్న జ్వరంతో పడుకొని ఉన్నాడు.

"లెక్కలోడివి గదబ్బా, ఈ గుట్ట ఇళ్లవారీగా నువ్వే మూటలు కట్టు. ఆ మూడు చుక్కల ఇంటిది నీ దోవలోనే, ఇచ్చేసి పో."

అరగంటలో కట్టేశాను. మూడు చుక్కల మూట తీసుకెళ్లి ఇస్తే ఆ ఇంటి ఇల్లాలు నా ఎదుటే విప్పింది. పైనే ఒక మగ చొక్కా ఉంది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని గడపలోనే కూలబడింది. ఏడవలేదు. ఆమె భర్త పోయి అప్పటికి తొమ్మిది రోజులు.

తిరిగొచ్చి చెప్పాను. పెంచలయ్యన్న లేచి కూర్చున్నాడు.

"చుక్కల కింద గీత పెట్టినా గదా. చూళ్లేదా?"

"చూశానన్నా. మూడు చుక్కలే కదా అని కలిపేశాను."

"మనిషి పోతే, నా కాడ మిగిలిన ఆయన బట్టలకి గీత పెడతా. అయ్యి మూటలో కలపను. పెద్దోళ్లెవరి చేతికన్నా ఇస్తా. మూట ఇప్పంగానే కనబడితే ఆ బిడ్డ ఏమైపోద్దయ్యా?"

నన్ను తిట్టలేదు. దుప్పటి కప్పుకుని, ఆ జ్వరంతోనే ఆ ఇంటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను గాని వీధి మలుపు దాటలేకపోయాను.

మూడోసారి పరీక్షలో పట్టికను అరచేత్తో మూసి ముందు షరతు చదివాను. ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి చెబితే "మంచిదబ్బా" అని, నా చొక్కా మడతపెట్టి ఇచ్చాడు, అంతే.

మూడేళ్ల కిందట ఆయన పోయాడు. నేను వెళ్లేసరికి ఆయన చొక్కా దండెం మీద ఆరుతోంది. కాలరు లోపల చూశాను. సొంత బట్టలకు ఆయన గుర్తే పెట్టుకోలేదు. దాన్ని తీసి, మడిచి, వేరే బట్టల్లో కలపకుండా ఆయన అక్క చేతికిచ్చాను.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మా అమ్మాయి పేపరు మీద పట్టికను అరచేత్తో మూశాను.

"ముందు కింద చదువమ్మా."