ఎండ్రకాయలను తన్నిన గంగవ్వ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను నిజామాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుని. ఎముకల విభాగంలో పని పంపకం స్పష్టం: కోసేది సర్జన్, వంచేది మేము, తిట్లు తినేదీ మేమే. ఆ ఏడాదే యాజమాన్యం వర్చువల్ రియాలిటీ సెట్టు ఒకటి కొన్నది. కళ్లకు డబ్బాలాంటి అద్దాలు, పిక్కకు సెన్సరు. పేషెంటు మంచం అంచున కూర్చుంటే ఎదుట సముద్రపు ఒడ్డు, మీదికొచ్చే ఎండ్రకాయలు. పాదాన్ని ఎంత వెనక్కి లాగి తంతే అవి అంత దూరం ఎగిరిపడతాయి.

కోటగిరి గంగవ్వకు మోకాలి కీలు మార్చారు. కుర్చీలోంచి హాయిగా లేవాలంటే మోకాలు తొంభై డిగ్రీలైనా వంగాలి. ఆమెది సగం దగ్గరే బిగుసుకుంది. సోమవారానికి వంగకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచుతానన్నాడు సర్జన్. మళ్లీ ఆపరేషన్ గది అనేసరికి ఆమె మొహం పాలిపోయింది. అయినా నేను కాలు పట్టుకోగానే పళ్లు బిగించి కర్రలా చాపేది.

తోడుగా వచ్చింది తోటికోడలు రాజవ్వ. అదే ఆపరేషన్ ముందే చేయించుకున్న మనిషి. స్టూలు మీద కూర్చుని రోజూ, "నేనైతే ఒక్క కన్నీటి సుక్క రానియ్యలే" అనేది.

అద్దాలు తొడుగుతుంటే గంగవ్వ నా చెవిలో అడిగింది: "సారూ, గీ డబ్బ పెట్టుకుంటే నా కండ్లు ఎవ్వలకన్న కనవడ్తయా?"

"కనవడయి, అవ్వా."

అంతే. మొదటి ఎండ్రకాయ రాగానే "ఓ నాయినో!" అని గది దద్దరిల్లేలా అరిచి తన్నింది. "పో రాజవ్వా, పొయ్యి సముద్రంల వడు!"

"నడుమల నన్నెందుకే?" అంది రాజవ్వ. జవాబుగా ఇంకో ఎండ్రకాయ ఎగిరింది. మోకాలు వంగుతోంది. అద్దాల కింది నుంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి.

మర్నాడు అద్దాలకు ఛార్జింగ్ లేదు. రాజవ్వను చాయ్ తాగి రమ్మని పంపి, తలుపు దగ్గరికి వేసి, కాలు పట్టుకున్నాను. గంగవ్వ కరువుతీరా ఏడ్చింది. కాలు మాత్రం బిగించలేదు.

సోమవారం సర్జన్ గోనియోమీటరుతో కోణం కొలిస్తే తొంభై దాటింది. ఆపరేషన్ గది తప్పింది. అంతా టెక్నాలజీ మహిమ అన్నాడాయన. యాజమాన్యం ఇంకో సెట్టు కొన్నది. మంచాల మధ్య కర్టెన్లు కావాలని నేనడిగితే బడ్జెట్ లేదన్నారు.

మోకాలు బిగుసుకుంటే ముందు గదిలో ఎవరెవరున్నారో చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. రిటైరయ్యే దాకా, కాలు ముట్టే ముందు చుట్టాలను చాయ్‌కి పంపేవాణ్ణి. క్యాంటీన్ యజమానికి నా వైద్యం మీద మంచి గురి ఉండేది.