వెస్టర్న్ అవెన్యూ బస్సులో నలుగురు

పోయిన ఆదివారం పొద్దున కాఫీ ఇంకా సగం కప్పు ఉండగానే నా క్లాస్‌మేట్ కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, అయినా మాతో తంటాలు పడుతూ తెలుగులోనే మాట్లాడుతుంది, అందుకని నాకు ఆ పిల్లంటే కాస్త ఎక్కువ ముద్దు. వాళ్ళ నాన్నకి అరవై నిండబోతున్నాయట, ఆయనకి చెప్పకుండా మా పాత బస్సు యాత్ర మళ్ళీ జరిపించాలని పట్టు పట్టిందట.

"అంకుల్, ఫుల్ బస్ రెంట్ చేస్తున్నా, లోపల లైట్స్, మ్యూజిక్ అన్నీ ఉంటాయి. టీషర్ట్స్ కూడా ఆర్డర్ చేశాను, బ్యాక్ మీద 'రైట్ రైట్, నలుగురూ ఉన్నారు' అని. మీ జోకే కదా అది! మీ గ్యాంగ్ ఎంతమందో హెడ్‌కౌంట్ చెప్పండి చాలు."

సాయంత్రానికి చెప్తానని ఫోన్ పెట్టేశాను. కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేసుకోబుద్ధి కాలేదు. ఆ జోకు వినడం నాకు కొత్త కాదు, ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి పెళ్ళిలోనూ పుట్టినరోజులోనూ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు, నేనూ అందరికంటే ముందు నవ్వుతూనే ఉన్నాను. కానీ అది చొక్కా మీద అచ్చై నా వీపుకే అంటుకుంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

వై టూ కే కంప్యూటర్ ఉద్యోగాల పుణ్యమా అని విమానం ఎక్కిన మన వయసువాళ్ళకి ఆ తొలి రోజులు గుర్తుండే ఉంటాయి. రెండు గదుల అపార్ట్‌మెంట్, ఒక రైస్ కుక్కర్, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా, నలుగురికీ కలిపి ఒక ముసలి కారు. నేనూ నా రూమ్మేటూ మూడేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. అతను వరంగల్ వాడు, నేను తెనాలి వాణ్ణి, అతను వండేవాడు, నేను గిన్నెలు కడిగేవాణ్ణి. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర తప్ప మా మధ్య మాట తేడా వచ్చిన గుర్తు లేదు. పక్క అపార్ట్‌మెంట్‌లో నా క్లాస్‌మేటూ, మా ఆవిడ తమ్ముడైన నా బావమరిదీ ఉండేవారు.

ఒక శనివారం కారు మొరాయించి షెడ్డుకి వెళ్ళడంతో, ఇంట్లో కూర్చోలేక నలుగురం రైలెక్కి షికాగో వెళ్ళి, అక్కడ ఏదో బస్సెక్కి, అది మేమనుకున్న దిక్కుకి కాక ఇంకో దిక్కుకి పోతుంటే కంగారుగా దిగిపోయి, చలికి తట్టుకోలేక ఎదురుగా తలుపు తీసి ఉన్న చోట దూరాం. అది ఒక పాతకాలపు పబ్బు. లోపల కూర్చున్న ముసలాళ్ళందరూ ఒక్కసారి మా వైపు తిరిగి చూశారు, ఆ తర్వాత జరిగి చోటిచ్చారు. తలో బీరూ తాగి, మళ్ళీ బస్సెక్కి, ఇంకో స్టాపులో దిగి అక్కడున్న ఇంకో పబ్బుకి వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు నా బావమరిది ఇది ఏటా చెయ్యాల్సిందే అన్నాడు. అలా దసరా వెళ్ళిన తర్వాత వచ్చే శనివారం మాకు పండగైపోయింది. ఆ తర్వాత పెళ్ళాలు వచ్చారు, దానికి తాగుబోతుల తీర్థయాత్ర అని పేరు పెట్టారు, పెడుతూనే పులిహోర పొట్లాలు కట్టిచ్చి పంపేవారు.

దానికి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. కార్లు ఇంటి దగ్గర వదిలెయ్యాలి. స్టాపుకి ఏది దగ్గరగా ఉంటే ఆ పబ్బుకే వెళ్ళాలి, అది ఎంత చీకటి కొట్టయినా సరే. చోటికి ఒక్క బీరే. ఏటా ఒకరు కండక్టరు. కండక్టరు ఆ రోజు చుక్క ముట్టకూడదు, అందరి పాసులూ అతని జేబులోనే ఉండాలి, బస్సు వచ్చినప్పుడు ఆఖరున మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టి, మన ఆర్టీసీ బస్సులోలాగా "రైట్ రైట్, నలుగురూ ఉన్నారు" అని అరవాలి. డ్రైవర్లు మొదట వింతగా చూసి తర్వాత నవ్వేసేవారు. బస్సు తప్పినవాడి కోసం ఆగేది లేదన్నది కూడా మా పద్ధతే, కానీ అప్పటిదాకా ఎవరూ తప్పలేదు.

ఐదో ఏడు కండక్టరు వంతు నాది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు రాలిపోతున్న రోజులవి, పొద్దున ఆఫీసుకెళ్ళినవాడు సాయంత్రం అట్టపెట్టెతో తిరిగొచ్చేవాడు. నా రూమ్మేట్ ప్రాజెక్టు నెలాఖరుతో ముగుస్తోంది, అప్పటిలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా లేదు, వీసా లేకపోతే ఇల్లు ఖాళీ చేసి భార్యనీ ఆరునెలల పాపనీ తీసుకుని దేశం విడిచిపోవాలి. మా టీములో ఒక ఖాళీ ఉంది. ఆ సంగతి అతనికి చెప్పింది నేనే, ఆ మాత్రం మంచితనం నాలో ఉండేది. మీ మేనేజర్‌తో ఒక్కసారి కూర్చోబెట్టు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. మా మేనేజర్ షికాగోలోనే పుట్టి పెరిగినవాడు, పాత పబ్బులన్నా బస్సులన్నా ప్రాణం. పిలవగానే వచ్చాడు. అలా ఆ ఏడు ఐదుగురమయ్యాం.

రెండో పబ్బు నుంచి వెస్టర్న్ అవెన్యూ బస్సులో దక్షిణంగా దాదాపు ముప్పావు గంట ప్రయాణం. ఆ ముప్పావు గంటా నా రూమ్మేట్ మేనేజర్ పక్కన కూర్చుని మాట్లాడాలని ముందే అనుకున్నాం. బస్సు కోసం బయటికొచ్చాక అతను నా మెడ వైపు చూసి, మఫ్లర్ లోపల మర్చిపోయావంటూ, నేను వద్దనేలోపే వెనక్కి వెళ్ళాడు. అంతలో బస్సు వచ్చేసింది. ముగ్గురూ ఎక్కారు, నేను మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టి ఎప్పటిలాగే "రైట్ రైట్, నలుగురూ ఉన్నారు" అని అరిచాను. రెండు స్టాపులు దాటాక నా బావమరిదికి తట్టింది, మనం ఇవాళ ఐదుగురం కదా అని. బస్సంతా దద్దరిల్లేలా నవ్వారు. నాలుగు అలవాటైపోయిన కండక్టరు కొత్తగా వచ్చిన పెద్దమనిషిని లెక్కలో వేసుకుని సొంత రూమ్మేట్‌ని రోడ్డు మీద వదిలేశాడని ఆ రోజు పుట్టిన జోకు ఈ రోజు టీషర్టెక్కింది.

ఇక జోకులో లేనిది చెప్తాను, ఇన్నేళ్ళలో మా ఆవిడకి కూడా చెప్పనిది. నా లెక్క తప్పలేదు. అందరూ వచ్చారా అని డ్రైవర్ నన్ను అడిగాడు, ఎంతో మర్యాదగా అడిగాడు. పబ్బు కిటికీ సరిగ్గా నా ఎదురుగా ఉంది. లోపల నా రూమ్మేట్ బల్ల కింద నుంచి నా మఫ్లర్ తీసి దులుపుతున్నాడు. ఒక్క నిమిషం అంటే ఆ డ్రైవర్ ఆగేవాడు. నాకు మాత్రం ఆ క్షణంలో వేరే విషయాలు తోచాయి. అతను నాకంటే పనిమంతుడు, ముప్పావు గంట మాట్లాడితే మేనేజర్ వదులుకోడు, టీములోకి వస్తే రేపు రాబోయే లీడ్ పదవి నాకు కాక అతనికే పోతుంది. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, పెద్దగా పట్టలేదు. అందరూ వచ్చారన్నాను. అతని పాసు నా జేబులోనే ఉంది.

తర్వాతి స్టాపులో దిగి అతని కోసం ఆగుదామా అని మేనేజర్ అడిగాడు కూడా. మా ఆటలో ఆగడం లేదని నేనే నవ్వుతూ చెప్పి, ఆ ముప్పావు గంటా ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. నా క్లాస్‌మేట్ నా రూమ్మేట్‌కి ఫోన్ చేస్తే, మీరు కానివ్వండి, నేను ఇంటికి పోతున్నానన్నాడట. మర్నాడు మా గుమ్మం ముందు కిరాణా కొట్టు సంచిలో మడతపెట్టిన మఫ్లర్ ఉంది, చీటీ ఏమీ లేదు. నెలాఖరుకి వాళ్ళు టొరంటో వెళ్ళిపోయారు. నేను పసుపూ ఎరుపూ గళ్ళ బొమ్మ ఒకటి పాపకి కొనిచ్చి ఎయిర్‌పోర్టులో దింపాను, అతను థాంక్స్ చెప్పాడు. కొన్నేళ్ళకి ఎలాగో ఈ దేశానికే తిరిగొచ్చి, మాకు దూరంగా ఆష్‌బర్న్ అనే ఊళ్ళో స్థిరపడ్డాడని విన్నాను. నాకు లీడ్ పదవి వచ్చింది. ఎవడికి కావాలి ఇప్పుడది, ఆ కంపెనీయే లేదు. మా యాత్ర ఇంకో రెండేళ్ళు సాగి, పిల్లల సంగీతం క్లాసుల మధ్య, బేస్‌మెంట్ పార్టీల మధ్య దానంతటదే ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం నా క్లాస్‌మేట్ కూతురి దగ్గర నంబరు తీసుకుని నా రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. గొంతు మారలేదు. యాత్ర సంగతి చెప్పి, అసలు చెప్పాల్సింది ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ రోజు నేను నిన్ను కిటికీలోంచి చూశానురా అన్నాను.

"నువ్వు చూసుడు నేను గూడ చూసిన్రా," అన్నాడు. "తల ఎత్తితే నువ్వు నన్నే చూస్తున్నవ్. నవ్విన గూడ, మఫ్లర్ దొరికిందని చెయ్యి ఊపిన."

చెయ్యి ఊపడం నాకు గుర్తు లేదు. అది మాత్రం నేనెలా మర్చిపోయానో నాకే తెలియదు. క్షమించమని అడిగాను. అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకన్నాడు. వస్తావా అంటే రానన్నాడు, కోపంగా కాదు, ఏదో పెళ్ళికి కుదరదని చెప్పినంత మామూలుగా. పెట్టేసే ముందు మళ్ళీ తనే అన్నాడు, "ఆ పిల్లకేం చెప్పకు. పాపం, దానికేం తెల్వదు."

సాయంత్రం ఆ పిల్లకి ఫోన్ చేసి ముగ్గురం వస్తామని చెప్పాను. అయ్యో అంకుల్, షర్ట్స్ మీద నలుగురు అని ప్రింటింగ్‌కి వెళ్ళిపోయిందే అని నొచ్చుకుంది. పరవాలేదన్నాను.

బస్సు తప్పినవాడి కోసం ఆగేది లేదని ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం, అదేదో మగతనమైనట్టు. నిజానికి అడిగితే ఆ బస్సులు ఆగేవి, ఆ డ్రైవర్లు మనుషులే. ఇప్పుడు ఆ పిల్ల మాట్లాడిన అద్దె బస్సుకి టైమూ లేదు, స్టాపూ లేదు, మేమెక్కేదాకా ఎంతసేపైనా పబ్బు గుమ్మం ముందే నిలబడి ఉంటుందట. ఎవరి కోసం ఆగమని చెప్పను దానికి?